పగలు వేసిన తలుపు

ఆ బుధవారం పొద్దున షోరూం తెరిచేవేళకు ఊడ్చే మనిషి రాలేదు. ఆ అరవ ఊళ్ళో, గాంధీపురంలో బట్టల షోరూం అంటే షట్టరు ఎత్తేముందు నేల మీద దారప్పోగు కూడా కనిపించకూడదు. ఫ్లోర్ సూపర్వైజరు చీపురు చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. బిల్లింగ్ కౌంటర్లలో నలుగురు ఆడపిల్లలున్నారు. నలుగురివీ ఒకే రంగు చీరలు, ఒకే రకం బ్యాడ్జీలు, ఒకే జీతం. ఆయన చూపు మొదటి పిల్ల దగ్గర ఆగలేదు, రెండో పిల్ల దగ్గర ఆగలేదు. తిన్నగా వచ్చి జెబమలర్ మీద ఆగింది. ఎందుకు ఆగిందో అక్కడ అందరికీ తెలుసు. తెలిసిన సంగతే గనక ఎవరూ తలెత్తలేదు.

"జెబా, కొంజం పెరుక్కి విడుమ్మా," అన్నాడు, కాస్త ఊడ్చెయ్యమ్మా అని, మహా మంచివాడిలా. నీకు అలవాటున్న పనేగా అని అరవంలోనే ఒక ముక్క చేర్చాడు కూడా.

అలవాటట! అలవాటు వాళ్ళమ్మ సౌందరానిది. తెల్లవారకముందే నారింజరంగు కోటు తొడుక్కుని వీధులూడ్చి, మోకాళ్ళు పట్టుకుని మధ్యాహ్నం ఇల్లు చేరే మనిషి ఆమె. ఆమె తల్లీ ఊడ్చింది, ఆ తల్లి అత్తా ఊడ్చింది. జెబమలర్ కంప్యూటర్ డిగ్రీ చదివి, బ్యాడ్జీ తగిలించుకుని, ఏసీలో నిలబడి బిల్లులు కొడుతోంది. అయినా ఊడ్చేవాళ్ళు రాని రోజున చీపురు మాత్రం దారి తప్పకుండా ఆమెనే వెతుక్కుంటూ వస్తుంది.

ఆమె చీపురు తీసుకుంది. అద్దాల బీరువాల కింద నుంచి గుండుసూదులు, ధర చీటీలు, జరీ పోగులు ఒక దగ్గరికి చేర్చింది. ఊడుస్తున్నంతసేపూ తల వంచలేదు. తల వంచకుండా ఊడిస్తే నడుము పట్టేస్తుంది, పట్టెయ్యనీ అనుకుంది.

మేడమెట్ల మీద ప్రభాకరన్ సార్ నిలబడి ఉన్నాడు. పై అంతస్తులో కంప్యూటర్ సెక్షన్ ఆయనదే. ఉడుమలైపేట పక్క కొబ్బరితోటలున్న ఇంటివాడు, ఇంట్లో మాట తెలుగే. కానీ షోరూంలో అందరితోనూ అరవమే. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు మాత్రం, ఆమె ఇంట్లోనూ తెలుగే గనక, జెబమలర్‌తో తెలుగు మాట్లాడతాడు.

"పరీక్ష ఆదివారమే కద?" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ నెలలోపల ఆ క్లౌడ్ సర్టిఫికెట్ తెచ్చి చూపించుమా. పైన ఉండే కుర్చీ నీదే. లేకుంటే హెడ్డాఫీసోళ్ళు బయట మనిషిని పంపించేస్తారు. ఇంక నా చేతిలో ఉండదు."

"సరి సార్," అంది జెబమలర్. చీపురు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆయన దాన్ని చూడనట్టు మెట్లెక్కి పోయాడు. చూసినవాడు ఆ సూపర్వైజరును ఒక్క మాట అడగొచ్చు కదా! అడగడు. మంచివాళ్ళలో ఈ రకం వాళ్ళు చాలామంది ఉంటారు. పైన ఆ కుర్చీలో కూర్చుంటే ఇంక ఎవడూ తన చేతికి చీపురివ్వలేడు. ఆమెకు కావలసింది అంతే. జీతం తర్వాతి మాట.

సాయంత్రం ఇంటికొచ్చి చీర మార్చుకుని, కాఫీగ్లాసూ ఆఫీసు లాప్‌టాపూ పట్టుకుని వాకిట్లో మెట్టు మీద కూర్చుంది. అవి లైన్ ఇళ్ళు. ఎదురెదురుగా రెండు వరుసలు, మధ్యలో సిమెంటు నడవ, నడవ మధ్యలో అందరికీ ఒక కుళాయి. పక్కింటి వీరాయవ్వ అప్పటికే ఆ మెట్టుకు అవతలి కొసన చేరి కొబ్బరాకు ఈనెలు గీకుతోంది. ఆమె కూడా ఒకప్పుడు వీధులూడ్చిన మనిషే. పని మానినా చేతులు ఊరుకోవు గనక ఆకులు తెప్పించుకుని చీపుళ్ళు కడుతుంది. ఆకు మొదట్లో కత్తి ఆనించి ఒక్క లాగు లాగితే, పచ్చ అంతా ఊడిపోయి ఈనె తెల్లగా మిగులుతుంది.

"చెట్టు నాటినావా, అమ్మిణీ?" అంది అవ్వ.

చెట్టంటే ఫోన్లో చెట్టు. చదువు మీద మనసు నిలవడానికని జెబమలర్ ఒక యాప్ వేసుకుంది. ఇరవై అయిదు నిమిషాలు ఫోను ముట్టకుండా చదివితే తెర మీద చిన్న మొక్క పెరిగి చెట్టవుతుంది. మధ్యలో ముట్టుకున్నామా, ఎండిపోతుంది. అవ్వకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ చెట్టు బాధ్యత తనమీదే ఉన్నట్టు కూర్చుంటోంది. నడవలో పిల్లలు అరిచినా, ఎవరైనా పంచదారకు వచ్చినా, "ఏయ్, చెట్టు ఉండాది, అవతల పోండి!" అని గద్దిస్తుంది. లైనంతటిలో అంత పెద్ద గొంతు ఇంకోటి లేదు.

"నాటినానవ్వా. విను, ఈ రోజు పాఠం చెప్తా."

"చెప్పు."

"మన సామానంతా పెద్ద కంపెనీవాడి కట్టడంలో పెట్టినామనుకో."

"ఊఁ."

"కట్టడానికి కావలి, కరెంటు, గోడలు, అంతా వాడి పూచీ."

"ఊఁ."

"లోపల మన పెట్టెకు తాళం మాత్రం మన పూచీ. మనం తాళం వెయ్యక దొంగ పడినాడంటే, వాడిమీద పోట్లాడకూడదు."

అవ్వ కత్తి ఆపింది. "తాళం ఏమిటికి? పక్కింట్లో ఒక మాట చెప్పి పోతే చాలదా?"

"అట్లా రాస్తే సున్నా వేస్తారవ్వా!" అని జెబమలర్ కడుపు పట్టుకుని నవ్వింది. కానీ ఆ పాఠం ఇంక జన్మలో మర్చిపోదు.

ఆమె చదువుకునే పద్ధతే అది. ఇంగ్లీషులో చదివి, ఇంటి మాటలో అవ్వకు చెప్పాలి, అవ్వ ఊఁ కొట్టాలి. చిన్నప్పుడు ఇదే మెట్టు మీద అవ్వ కథ చెప్పేది, జెబమలర్ ఊఁ కొట్టేది. ఊఁ ఆగిపోతే పిల్ల నిద్రపోయిందని అవ్వ కథ ఆపేసి, ఎత్తుకుపోయి పడుకోబెట్టేది. ఇప్పుడు వంతు మారింది, అంతే.

"రేపు చిన్నమనూరు పోతా ఉండా," అంది అవ్వ ఈనెలు కట్టకడుతూ. "కూతురు రమ్మని ఒకటే పిలుపు. ద్రాక్ష కోత కద. సోమవారానికి వచ్చేస్తాలే. నీ పరీట్చ ఏ స్కూల్లో?"

"స్కూలు కాదవ్వా, ఇదంతా..." అంటుండగా ఫోను మోగింది, చెట్టు ఎండిపోయింది, అవ్వ అయ్యయ్యో అంది, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

*

అవ్వ ఊళ్ళో లేని మూడు సాయంత్రాలూ జెబమలర్ వీడియోలు చూసింది. చదువులో వేగం పెంచుకోవడం ఎలాగో చెప్పే ఒక కుర్రాడున్నాడు. వెనక తెల్లటి గోడ, ముందు తెల్లటి బల్ల, వాడి ఇంట్లో ఇంకో ప్రాణి ఉన్న జాడే ఉండదు. నీ మొదటి శత్రువు తెరిచిన తలుపు అన్నాడు వాడు. జెబమలర్ తన ఇంటి తలుపు వైపు చూసింది. అదెప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ లైనులో పగలు ఎవరూ తలుపు వెయ్యరు. ఊరెళితే బయట గొళ్ళెం పెట్టి పోతారు. పట్టపగలు లోపల గడియ పడిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని అర్థం, వెంటనే తట్టాలి. అది అక్కడి కట్టు.

కానీ పరీక్ష పెట్టే కంపెనీవాళ్ళ కట్టు వేరు. సెంటర్లో ఆ నెలకు చోటు లేదు, ఇంట్లోనే రాయాలి. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, ఇంకో గొంతు వినపడకూడదు. రాసేవాళ్ళు కుర్చీలోంచి లేవకూడదు, పెదవి కదపకూడదు. ఎక్కడో కూర్చున్న మనిషి కెమెరాలోంచి కనిపెట్టి చూస్తుంటాడు.

అందుకని ఆదివారం పొద్దున్నే జెబమలర్ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఎదురింటి కళైసెల్వి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. కుళాయి దగ్గర పెత్తనమంతా ఆమెదే.

"పగలు తలుపేసుకుంటావా? అదేం పరీట్చ, తల్లీ! సరిలే, ఎవరినీ రానీను. నువ్వు బాగా రాయి."

సౌందరం చర్చికి వెళ్తూ కూతురి నెత్తిమీద చెయ్యి పెట్టి, "యేసప్పా, చూసుకో," అని వెళ్ళింది. జెబమలర్ గోడమీద క్యాలెండరు తీసేసింది, అద్దానికి దుప్పటి కప్పింది, గది నాలుగు మూలలూ ఫోటో తీసి పంపింది. తలుపు వేసి గడియ పెట్టింది. చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో రోజూ వేసే తలుపే కదా అనుకుంది. అయినా గడియ పెడుతుంటే చెయ్యి ఎందుకో వెనకాడింది.

సగం పరీక్ష దాకా బాగానే సాగింది. అప్పుడు తలుపు తట్టిన చప్పుడు.

"సౌందరం! ఏయ్, సౌందరం!"

వీరాయవ్వ గొంతు. సోమవారం రావలసిన మనిషి! జెబమలర్ మాట్లాడకూడదు, లేవకూడదు. తెర మీదే చూపు పెట్టి కూర్చుంది.

"లోపల ఎవరు? జెబా, నువ్వేనా? పరీట్చకు పోలేదా?"

తెర మీద ఇంగ్లీషులో ఒక మాట వచ్చింది: మీ గదిలో ఇంకెవరైనా ఉన్నారా? జెబమలర్ లేదని తల ఆడించింది. వెళ్ళిపో అవ్వా, నీ కాళ్ళు పట్టుకుంటా, వెళ్ళిపో అని మనసులో మొత్తుకుంది.

అవ్వ వెళ్ళలేదు. తట్టడం బాదడమైంది. "పలకవేమే? జెబా! ఒక మాట పలుకు! కన్నూ, ఒక్క మాట!" ఆ గొంతు మారిపోయింది. జెబమలర్ ఎన్నడూ వినని గొంతు అది. దూరంగా కుళాయి దగ్గర్నుంచి కళైసెల్వి, "అవ్వా, వద్దు, వద్దు, పరీట్చ!" అని అరుస్తూ పరుగెత్తి రావడం వినపడింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ముసలి భుజానికి అంత బలం ఎక్కడిదో, గడియ మేకులతో సహా ఊడివచ్చింది.

అవ్వ లాప్‌టాప్ చూడలేదు, ఏమీ చూడలేదు. వచ్చినది వచ్చినట్టే వణికే వేలు జెబమలర్ ముక్కు కింద పెట్టింది.

"ఉండాది," అంది. "ఊపిరి ఉండాది." అలాగే నేలమీద కూలబడింది. చేతిలో సంచీ జారి నల్లద్రాక్షలు గదంతా దొర్లాయి.

తెర నల్లబడింది. గదిలో ఇంకో మనిషి కనిపించినందున మీ పరీక్ష రద్దయిందని రెండు వరుసలు మిగిలాయి.

జెబమలర్‌కు ఆ రెండు వరుసల వెనక మేడమెట్లు కనిపించాయి, సూపర్వైజరు చేతిలో చీపురు కనిపించింది. ఆ తర్వాత ఆమె ఏమన్నదో ఆమెకే పూర్తిగా తెలియదు. కానీ లైనంతా విన్నది.

"నీ కొడుకు తలుపేసుకుని చచ్చినాడని, మేమంతా బతికినన్నాళ్ళూ తలుపు తెరుచుకుని కూచోవాలా? ఇంక నా ఇంటికి రావొద్దు, నువ్వు రానే రావొద్దు!"

కళైసెల్వి గుమ్మంలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అవ్వ మెల్లగా మోకాళ్ళ మీద లేచి, దొర్లిన ద్రాక్షపళ్ళు ఒక్కొక్కటే ఏరి సంచీలో వేసింది. సంచీ బల్లమీద పెట్టింది. ఊడిన గడియను ఒకసారి దాని చోట ఆనించి చూసింది, నిలవలేదు. దాన్ని చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

*

సోమవారం జెబమలర్ పని నుంచి వచ్చేసరికి తలుపుకు కొత్త గడియ ఉంది. పాతదానికి రెండింతలు మందం, మేకులు కాదు, మరలు. "వీరాయి వడ్రంగిని పిలుచుకొచ్చి వేయించింది," అంది సౌందరం. "నేను వద్దన్నా వినలా."

జెబమలర్ గడియను ఒకసారి వేసి తీసింది. నున్నగా జారింది.

ప్రభాకరన్ సార్ చెప్పినట్టు పరీక్ష కంపెనీకి మెయిల్ రాసింది. జరిగింది జరిగినట్టు రాస్తే, వాళ్ళు కాస్త ఆలోచించి, శుక్రవారం పదకొండు గంటలకు ఇంకొక్కసారి రాయమన్నారు. ఇదే ఆఖరన్నారు. నెలాఖరు ఆ మరునాడే. సార్ సెలవు రాయించి, "ఈసారి ఇంట్లోవాళ్ళకు బాగా చెప్పుమా," అన్నాడు. ఆయనకేం తెలుసు, తెలియవలసిన ఒక్క మనిషికే ఆమె చెప్పలేదని.

సాయంత్రాలు ఇప్పుడు ఎంతో ప్రశాంతంగా ఉన్నాయి. మెట్టుకు అవతలి కొస ఖాళీ. వీరాయవ్వ తన ఆకులూ కత్తీ ఎత్తుకుని లైను చివర గోడవారకు మారిపోయింది. పంచదారకు ఎవరూ రావడంలేదు, పిల్లలు ఈ ఇంటి ముందుకు రాగానే గొంతు తగ్గిస్తున్నారు. జెబమలర్ ఫోన్లో చెట్టు నాటింది, అది పెరిగింది. ఇంకోటి నాటింది, అదీ పెరిగింది. బుధవారానికి తెరనిండా అడవి లేచింది. ఆ వీడియో కుర్రాడు చూస్తే శభాష్ అనేవాడు. కానీ పుస్తకం మూసి ఏం చదివానా అని తలుచుకుంటే ఒక్క ముక్క పైకి రాదు. సర్వర్లు బాగున్నాయో లేదో కనిపెట్టే పాఠం నాలుగుసార్లు చదివింది. చదివినంతసేపే అది ఉంది.

ఏం చెప్పినా ఎదురు పలికేవాళ్ళు లేరు. గోడకు చెప్పి చూసింది. గోడ ఊఁ కొట్టదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ సౌందరం తనంతట తనే మొదలుపెట్టింది.

"వీరాయి కొడుకు మునియాండి పోయిన రోజు నీకు గ్యాపకం లేదు, చిన్నదానివి. కాంట్రాక్టరు డ్రైనేజీ గుంతలోకి దించినాడు, లోపల విషగాలి. పైకి వచ్చి, తల పోటుగా ఉండాది, పడుకుంటా, లేపొద్దమ్మా అన్నాడంట. తలుపేసుకున్నాడు. వీరాయి లేపలా. లైనంతా మెల్లగా మాట్లాడుకున్నాం. కుళాయికాడ కూడా సత్తం చెయ్యలా, పావం, పిల్లోడు అలిసి నిద్రపోతా ఉండాడని." ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. "పొద్దు కూకేదాకా సత్తం చెయ్యలా."

జెబమలర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొడుకు తలుపేసుకుని చనిపోయాడని తెలుసు. ఈ మాట తెలియదు. ఆమె ఏడ్చింది. దాచుకోకుండా, అన్నం ముందే కూర్చుని ఏడ్చింది. సౌందరం ఆపలేదు.

గురువారం సాయంత్రం లైను చివరికి వెళ్ళింది. వీరాయవ్వ ఈనెలు సమంగా నేలకు తట్టి కట్ట కడుతోంది. జెబమలర్‌ను చూసి కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది, పరాయివాళ్ళకు ఇచ్చినట్టు.

"ఏమి కావాల, అమ్మిణీ?"

ఆ మాట చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. చిన్నప్పటినుంచీ అవ్వ ఆమెను ఏం కావాలని అడిగింది లేదు. అడగకుండానే పెట్టే మనిషి.

"అవ్వా, రేపు పదకొండుకు తలుపేసుకుంటా," అంది జెబమలర్. ముందు అనుకున్న మాటలన్నీ మర్చిపోయింది. "నాకు ఒళ్ళు బాగానే ఉండాది. లోపల కూచుని పరీట్చ రాస్తా ఉంటా. పిలిస్తే పలకకూడదు. పలకలేదంటే... పలకకూడదు గనకనే పలకలేదని అర్థం. ఇది నీకు ఆ రోజే చెప్పాల్సింది. చెప్పకపోయింది నా తప్పు. అన్న మాట ఇంకా పెద్ద తప్పు."

అవ్వ కట్టకు తాడు బిగించింది. ముడి వేసి, మిగిలిన తాడు కత్తితో కోసింది.

"సరి," అంది. అంతే. జెబమలర్ వచ్చేసింది.

*

శుక్రవారం. సౌందరం పనికి పోయింది. జెబమలర్ క్యాలెండరు తీసింది, అద్దానికి దుప్పటి కప్పింది, కొత్త గడియ వేసింది. కెమెరా ముందు కూర్చుంది. మౌసు మీద చెయ్యి పెట్టింది.

మొదటి ప్రశ్నలు గబగబా పోయాయి. ఆ తాళం ప్రశ్న రానే వచ్చింది. పక్కింట్లో చెప్పి పోతే చాలదా అన్న మాట గుర్తొచ్చి, నవ్వు పెదవుల దాకా వస్తే బిగబట్టుకుంది.

సగం దాటిందో లేదో, బయట కుళాయి గొట్టం బుస్సుమంది.

ఆ బుసబుస ఆ లైనులో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. నీళ్ళు వచ్చేముందు గొట్టంలోంచి గాలి వస్తుంది. నాలుగు రోజులకోసారి చెప్పాపెట్టకుండా వచ్చే నీళ్ళు! వచ్చాయంటే ఇంక చూడక్కర్లేదు. బిందెలు ఢీకొంటాయి, కళైసెల్వి గొంతు లేస్తుంది, నా వంతంటే నా వంతని లైనంతా మోగిపోతుంది. అయిపోయింది, పైన ఆ కుర్చీ ఇంక పోయినట్టే అనుకుంది జెబమలర్. కళ్ళు మూసుకోకూడదు, కెమెరా చూస్తుంది. కళ్ళు తెరిచే ఎదురుచూసింది.

ఏ చప్పుడూ లేదు.

నీళ్ళు పడుతున్న సవ్వడి మాత్రం సన్నగా, ఎక్కడో మెత్తటిదాని మీద పడుతున్నట్టు వస్తోంది. ఒక బిందె తగల్లేదు. ఒక గొంతు లేవలేదు. ఇంతమంది ఆడవాళ్ళు, నీళ్ళ దగ్గర, మాట లేకుండా! జెబమలర్ తర్వాతి ప్రశ్న మీద నొక్కింది.

బాగున్న సర్వరును ఎలా కనిపెడతారన్నది ఆ ప్రశ్న. నాలుగుసార్లు చదివి నాలుగుసార్లూ మర్చిపోయిన పాఠం. వ్యవస్థ ఒకటి ఉంటుంది, అది ఊరికే ఉండదు. కాసేపటికోసారి ఒక్కో సర్వరునూ పలకరిస్తుంది. పలికితే సరే. పలక్కపోతే మళ్ళీ పలకరిస్తుంది. అప్పటికీ పలక్కపోతే...

జెబమలర్ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. ఒక మాట పలుకు, కన్నూ, ఒక్క మాట. ముక్కు కింద వణికిన వేలు ఇప్పుడు తగిలినట్టయింది. ఎంతసేపు అలా కూర్చుందో తెలియదు. కంటినిండా నీళ్ళు, తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. తుడుచుకుంటే ఏమంటారోనని తుడుచుకోలేదు. అవి జారిపోయేదాకా ఆగి, జవాబు ఏదో చూసి నొక్కింది. ఆ జవాబు ఆమెకు ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు.

చివర్న తెర కాసేపు ఆలోచించింది. పాస్ అంది.

ఆమె గంతెయ్యలేదు. కెమెరా ఆగిందని రూఢి చేసుకుని, లేచి గడియ తీసింది.

నడవలో ఆడవాళ్ళందరూ ఉన్నారు. కుళాయికి పాత చీరగుడ్డ చుట్టి ఉంది, నీళ్ళు ఆ గుడ్డ వెంబడి చప్పుడు లేకుండా బిందెలోకి దిగుతున్నాయి. కళైసెల్వి ఎవరి వంతో వేళ్ళతో చూపిస్తోంది. జెబమలర్ ఇంటి బిందెలు ఎవరు తీసుకెళ్ళారో, నిండుగా మూతలతో సహా గోడవార నిలబడి ఉన్నాయి. ఆమెను చూడగానే కళైసెల్వి కనుబొమలెగరేసి, ఏమైంది అన్నట్టు చెయ్యి తిప్పింది.

"పాసయినాను!"

"పాసయ్యిందే మా జెబా!" అని కళైసెల్వి ఇంతసేపూ ఆపుకున్న గొంతంతా ఒక్కసారి వదిలింది. ఇంక చూడాలి ఆ లైను! బిందెలు మోగాయి, అందరూ ఒకేసారి మాట్లాడారు, అప్పటిదాకా ఆపుకున్న నీళ్ళ తగాదా కూడా మొదలైంది.

వీరాయవ్వ మెట్టు మీదే ఉంది. తలుపుకు ఒక పక్క చెవి ఆనేటట్టు గోడకు చేరగిలి కూర్చుంది. ఒళ్ళో ఆకులు గీకనివి గీకనట్టే ఉన్నాయి. పరీట్చ అయిపోయింది గనక ఇంక తన పని అయిపోయిందన్నట్టు ఆకులు సర్దుకుని లేవబోయింది.

"ఎంతసేపటి నుంచి కూచునుండావవ్వా?"

"నువ్వు తలుపేసినప్పటినుంచి." అవ్వ ఆమె మొహం చూడలేదు. "లోపల టిక్కు టిక్కుమని ఒకటి వినపడతా ఉండింది. ఏమి అది?"

"మౌసు. నొక్కితే అట్లా అంటాది."

"ఊఁ. అది వింటా కూచున్నా. అది ఉండేదాకా నువ్వుండావని. మధ్యలో ఒక తూరి చానాసేపు ఆగిపోయినాది." అవ్వ ఆకుమట్టను గట్టిగా పట్టుకుంది. "పలకకూడదు గనకనే పలకలా అని నువ్వు చెప్పింది కద, దాన్నే అనుకుంటా కూచున్నా. కాళ్ళూ చేతులూ ఆడలా. అయినా తట్టలా, అమ్మిణీ. నేను తట్టలా."

జెబమలర్ అవ్వ ఒళ్ళో గీకని ఆకుల వైపు చూసింది. ఇంతసేపూ లైనంతా మౌనం, ఎదురుగా వేసిన తలుపు. అలాంటి పగటిని ఈ మనిషి ఒకసారి చూసింది. ఈ రోజు మళ్ళీ దాని ముందు వచ్చి కూర్చుంది. తన కోసం కూర్చుంది.

ఆమె తలుపు రెండు రెక్కలూ గోడకు తగిలేదాకా తోసింది. వచ్చి మెట్టు మీద, తన కొసన కాదు, అవ్వను ఆనుకుని కూర్చుంది. అవ్వ ఒళ్ళోంచి ఒక ఆకు తీసుకుంది, కత్తి తీసుకుంది. మొదట్లో ఆనించి లాగింది. సగంలో ఈనె విరిగింది. ఎవరూ చెయ్యమని చెప్పని పని అది. ఇంకో ఆకు తీసుకుంది.

"ఈ రోజు ఒక పాఠం వచ్చిందవ్వా," అంది. "ఊరినిండా ఇళ్ళుండాయి అనుకో. ఇల్లిల్లూ తిరిగి, బాగుండావా, బాగుండావా అని అడిగే మనిషి ఒకటి ఉండాది."

అవ్వ ఏమీ అనలేదు. కుళాయి దగ్గర కళైసెల్వి ఎవరితోనో పోట్లాడుతోంది. జెబమలర్ ఆకు పట్టుకుని, ఈనె గీకకుండా, ఎదురుచూస్తూ కూర్చుంది.

వీరాయవ్వ ఆమె చేతిలో కత్తి వాలు సరిచేసింది.

"ఊఁ," అంది.